ఇవాళ పొద్దున్న నేనేం తిన్నానమ్మా?

తోమోయె చేతి వంటకు వంకపెట్టేవాళ్ళు ఆ వృద్ధాశ్రమంలో ఉమె బామ్మ తప్ప ఎవరూ లేరు. మిగతా నలభై ఐదుగురూ, పళ్ళున్నవాళ్ళూ లేనివాళ్ళూ, గిన్నెలు ఖాళీ చేసి చేతులు జోడించి మరీ లేస్తారు. తొంభై ఒక్కేళ్ళ ఉమె బామ్మ మాత్రం పులియబెట్టిన సోయా ముద్ద కలిపిన మిసో చారు ఒక్క గుక్క తాగి గిన్నె కింద పెట్టేస్తుంది.

"చారా ఇది? సముద్రాన్ని కాచి పోశావా?"

"నిన్న చప్పగా ఉందన్నావు కదా బామ్మా."

"నిన్నటి నాలుక నిన్నటిది. నీకు పిల్లలున్నారటే?"

"ఒక్కతే కూతురు. మూడో తరగతి."

"పాపం, దానికీ రోజూ ఇదే గతా?"

వంటింట్లో వాళ్ళందరూ నవ్వారు. తోమోయె కూడా నవ్వి, గరిటె కడిగే వంకతో తొట్టి వైపు తిరిగింది. ఆ చారు కూతురి నోటిదాకా ఎన్నడూ వెళ్ళలేదని ఆ వంటింట్లో ఎవరికీ తెలియదు.

తోమోయె నాలుగింటికి లేస్తుంది. నాలుగూ ముప్పావుకి కారు తీస్తుంది. ఐదుంబావుకల్లా సన్‌జో ఊరి చివర ఆశ్రమం వంటింట్లో తలకు గుడ్డ కట్టుకుని బియ్యం పొయ్యి మీద పడేస్తుంది. మొగుడు యోషిహిరో లారీ డ్రైవరు. ఊళ్ళో తయారైన కత్తులూ సుత్తులూ ఒసాకా దాకా వేసుకుపోతాడు. వారంలో రెండు రాత్రులు ఇంట్లో పడుకుంటే గొప్ప. కాబట్టి ఎనిమిదేళ్ళ చిహరు పొద్దున్న ఆరూ నలభైకి గడియారం మోగితే తనంతట తనే లేచి, మొహం కడుక్కుని, బల్ల మీద అమ్మ పెట్టి వెళ్ళిన తీపి బన్ను తిని, తలుపు తాళం వేసుకుని, వీధి చివర మిగతా పిల్లలతో వరుసలో నిలబడి బడికి పోవాలి. పోతోంది కూడా. ఆ పిల్ల పేచీ పెట్టే రకం కాదు. పేచీ పెట్టే రకమైతే ఈ కథే ఉండేది కాదు.

ఇక ఆ కార్డు సంగతి చెప్పాలి. చదువు చెప్పడం ఒక్కటే తమ పని కాదనుకునే బడులు మావి. పిల్ల ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి లేచింది, పళ్ళు తోముకుందా, దొడ్డికి వెళ్ళిందా, టీవీ ఎంతసేపు చూసింది, పొద్దున్న ఏం తింది, అన్నీ రాసి పంపమని మూడు నెలలకోసారి ఒక వారం పాటు 'హుషారు కార్డు' ఇస్తారు. ఫలహారం గడిలో మూడు సున్నాలుంటాయి. ఒంటికి బలమిచ్చేవి తింటే ఎరుపు, శక్తినిచ్చేవైతే పసుపు, కూరానారా అయితే ఆకుపచ్చ. పిల్ల రంగులు వెయ్యాలి, తల్లి మాట రాయాలి, అడుగున సంతకానికి బదులు ఇంటిపేరు ముద్ర కొట్టాలి. ఉద్యోగాలకు పరుగెత్తే తల్లిదండ్రులు మంచి అలవాట్లు మరచిపోకూడదని పెద్దల సదుద్దేశం. ఆ సదుద్దేశం ఉన్నవాళ్ళెవరూ నాలుగింటికి లేవరు.

మొదటిసారి కార్డు వచ్చినప్పుడు తోమోయె ఉన్నదున్నట్టే రాసింది. బన్ను. బన్ను. బన్ను. అరటిపండు, బన్ను. వారం తిరిగాక కార్డు మీద ఎర్ర సిరాతో పువ్వు బొమ్మ, పక్కన ముత్యాల్లాంటి అక్షరాలు వచ్చాయి. "గిన్నెడు చారు, ఒక కూర ముక్క చేరిస్తే ఇంకా బాగుంటుంది! వీలైనదే చేయండి!"

తోమోయెకి తల కొట్టేసినట్టయింది. వంటకు సర్కారు పరీక్ష రాసి పాసైన మనిషి ఆవిడ. పరాయివాళ్ళు నలభై ఆరుగురికి పొద్దున్నే వేడి వేడి చారు పోసే మనిషి. అలాంటిదానికి చారు పొయ్యమని చీటీ వచ్చింది.

తరవాతి కార్డు వచ్చిన రోజు సాయంత్రం చిహరు రంగు పెన్సిళ్ళు ముందేసుకుని కూచుంది. తోమోయె కలం తీసి, చేతికొచ్చినట్టు రాసింది: అన్నం, టోఫు వేసిన మిసో చారు, కాల్చిన సాల్మన్ చేప, నువ్వుల పాలకూర. ఆ పొద్దున్న ఆశ్రమంలో వండినవే అవి. రాస్తుంటే అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. వండానా లేదా? వండాను. వండిందే రాశాను. అలా సర్దిచెప్పుకుంది.

చిహరు అమ్మ రాసిందంతా చదివింది. మూడు సున్నాలకీ మూడు రంగులు, గీత దాటకుండా, నెమ్మదిగా వేసింది. మర్నాడు సాయంత్రం తనే పెన్సిళ్ళు తెచ్చుకుని, బల్ల దగ్గర బుద్ధిగా కూచుని అడిగింది.

"అమ్మా, ఇవాళ పొద్దున్న నేనేం తిన్నానమ్మా?"

ఆ ప్రశ్నకే తోమోయె చెయ్యి ఆగిపోవలసింది. ఆగలేదు. "గుడ్డట్టు, బచ్చలి చారు" అని చెప్పి, ముద్ర కొట్టి, చెవుల దాకా ఎర్రబడ్డ మొహంతో బట్టలు మడతపెట్టడానికి వెళ్ళిపోయింది.

ఏడాది గడిచింది. మొన్న సెప్టెంబరు కార్డు చూసి బడిలో ఆరోగ్యం గది చూసుకునే కనెకో టీచరు పరవశించిపోయింది. ఆరోగ్య పత్రికలో 'ఒక ఇంటి ఫలహారం' అని వారం రోజుల వంటకాలూ అచ్చువేసింది. పేరు వెయ్యలేదు గానీ అది ఇగరాషి చిహరు వాళ్ళదేనని పిల్లలందరికీ తెలుసు, పిల్లలకు తెలిస్తే ఊరికి తెలిసినట్టే. ఆపైన ఫోను చేసింది.

"వచ్చే నెల ఆరోగ్య సమావేశంలో మీరు ఓ పది నిమిషాలు మాట్లాడాలండీ. ఉద్యోగం చేస్తూ ఇవన్నీ ఎలా కుదురుతున్నాయో తోటి తల్లులకి చెబితే ధైర్యంగా ఉంటుంది."

"అబ్బే, నేనేం చెబుతానండీ."

"ఆ వినయమే వద్దంటాను! రాసేసుకుంటున్నాను మరి."

కాదనడానికి కారణం చెప్పాలి. చెబితే కడుపు చించుకోవడమే. తోమోయె అటువైపు మనిషికి కనబడకపోయినా మూడుసార్లు వంగి దణ్ణం పెట్టి ఫోను పెట్టేసింది. ఆ శనివారం కూరగాయల కొట్లో చిహరు నేస్తం మిజుకి వాళ్ళమ్మ ఎదురుపడి చెయ్యి పట్టుకుంది.

"చిహరు వాళ్ళమ్మగారూ, మీ పత్రిక ఫ్రిజ్ మీద అంటించుకున్నానండీ. మా ఇంట్లోనూ రోజూ చేప కాలుస్తున్నాను. మావారైతే, ఇదేమిటి మన ఇల్లు సత్రమైపోయిందంటున్నారు!" అని నవ్వింది. కళ్ళ కింద నల్లటి చారలున్నాయి ఆవిడకి. తోమోయె ముల్లంగులు ఏరుకుంటున్నట్టు తల వంచేసుకుంది.

అక్టోబరు మొదటివారంలో చిహరు బడి ఆవరణలో వరుసలో నిలబడి ఉండగా కళ్ళు తిరిగి పడిపోయింది. మూడురోజుల తరవాత మళ్ళీ. ఆ పై వారం మెట్ల దగ్గర. మూడోసారి కనెకో టీచరు ఉత్తరం పంపింది. 'ఫలహారం, నిద్ర చక్కగా ఉన్న పిల్ల కాబట్టి వేరే కారణం ఏదో ఉండవచ్చు. దయచేసి డాక్టరుకి చూపించండి' అని.

ఆ ఉత్తరం తోమోయె రెండుసార్లు చదివింది. బన్ను తింటోంది కదా, ఆకలి వల్ల కాదులే, నిజంగానే ఏ జబ్బో అయి ఉంటుంది అనుకుంది. కూతురికి జబ్బు అయి ఉంటేనే తనకు నయం అన్నట్టు ఒక్క క్షణం తన మనసు మొగ్గిందని తరవాత తలచుకుని తలచుకుని కుమిలిపోయింది. ఆ క్షణాన మాత్రం అలాగే అనుకుంది.

మంగళవారం ఎనిమిదింటికి సెలవడిగి, బడి దగ్గర పిల్లను కారెక్కించుకుంది. దారిలో చిహరు అడిగింది.

"అమ్మా, ఇవాళ ఏం వండావు?"

"సాల్మన్ చేప. పాలకూర. ఉమె బామ్మ మళ్ళీ వంక పెట్టింది."

"టోఫు చారేనా?"

"ఆఁ, టోఫు చారే."

పిల్ల కిటికీలోంచి చూస్తూ పెదవులు కదుపుకుంటోంది. తోమోయె పట్టించుకోలేదు.

పిల్లల డాక్టరు ఒదజిమా ముసలాయన, ఆ బడికి ఆస్థాన వైద్యుడు కూడా. పేరు చూడగానే మొహం విప్పారింది. "ఓహో, ఆ ఇగరాషి గారా! వచ్చే వారం మీ మాటలు వినడానికి నేనూ వస్తున్నానండోయ్" అన్నాడు. తరవాత చిహరు వైపు తిరిగాడు.

"ఏం తల్లీ, పొద్దున్నేం తిన్నావు?"

చిహరు వీపు నిటారుగా పెట్టింది. "అన్నం, టోఫు వేసిన మిసో చారు, కాల్చిన సాల్మన్ చేప," అని కొంచెం ఆగి, "నువ్వుల పాలకూర" అంది.

తోమోయె నోరు తెరిచింది. డాక్టరు "భేష్" అంటూ రాసుకుంటున్నాడు. నర్సు పత్రికలో చదివానంటూ ఆమె వైపు చూసి నవ్వింది. తోమోయె తెరిచిన నోరు అలాగే మూసేసింది. సూది గుచ్చారు. చిహరు కళ్ళు గట్టిగా మూసుకుందే గానీ చెయ్యి కదపలేదు.

కాసేపటికి డాక్టరు కాగితం చూసి కనుబొమలు ముడిచాడు. "రక్తంలో చక్కెర బాగా తక్కువుందండీ. అంత తిని రెండు గంటలైనా కాలేదు, ఇలా ఉండకూడదు. అరుదైన జబ్బులు కొన్నుంటాయి, భయపడకండి గానీ వదిలెయ్యకూడదు. నాగవోకా పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిస్తాను. రెండ్రోజులు ఉంచుకుని, తిండి పెట్టకుండా, గంటగంటకీ రక్తం తీసి చూస్తారు."

"అలాగేనండీ" అంది తోమోయె. ఉత్తరం రెండు చేతులా అందుకుని వంగి దణ్ణం పెట్టి బయటికొచ్చింది.

కారులో చిహరు మోచేతి మడతలో దూది నొక్కి పట్టుకుని కూచుంది. తోమోయె తాళంచెవి పెట్టింది గానీ తిప్పలేదు.

"అమ్మా," అంది పిల్ల, "పెద్దాసుపత్రికి వెళ్ళే రోజు ఏం వండుతావో రాత్రే చెప్పెయ్యి. ఇందాక పాలకూర మరచిపోబోయాను."

తోమోయె తాళంచెవి మీంచి చెయ్యి తీసేసింది. "ఆ బన్నైనా తిన్నావా?" అంది.

పిల్ల దూది వైపు చూసింది.

"చిహరూ."

"బాతులకేశాను."

"ఏ బాతులకి?"

"కాలవలో ఉంటాయే, అవి. ఒక్కదాన్నే కూచుంటే గొంతు దిగదమ్మా. పారేస్తే నీకు కనబడుతుంది కదా, అందుకని."

"ఎన్నాళ్ళనుంచి?"

"వేసంకాలం సెలవులయినప్పటినుంచి" అని, గబగబా, "ఎవరికీ చెప్పలేదులే" అంది.

ఎవరికీ చెప్పలేదట. తల్లి పరువు ఆ ఎనిమిదేళ్ళ పిల్ల రెండు నెలలుగా ఉత్త కడుపుతో మోస్తోంది. కళ్ళు తిరిగి పడ్డప్పుడు కూడా కింద పెట్టలేదు. సూది గుచ్చినప్పుడూ కింద పెట్టలేదు. ఈసారి గంటగంటకీ గుచ్చినా మోస్తానని, కాస్త ముందుగా పాఠం చెప్పమని అడుగుతోంది. తోమోయెకి తన మీద తనకే రోత పుట్టింది. తలుపు తీసి, పిల్ల చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి నడిచింది.

ముందు గదిలో తల్లులు నలుగురైదుగురు పిల్లల్ని ఒళ్ళో వేసుకుని కూచున్నారు. కిటికీ వెనక అమ్మాయి, "ఏమైనా మరచిపోయారాండీ?" అంది.

"మా అమ్మాయి పొద్దున్న ఏమీ తినలేదండీ" అంది తోమోయె. గొంతు అదుపులో లేక పెద్దగా వచ్చింది. "ఇవాళే కాదు, రెండు నెలలుగా తినడం లేదు. కార్డులో రాసిందీ, పత్రికలో వచ్చిందీ అంతా అబద్ధం. నేనే రాశాను."

కూచున్నవాళ్ళు పత్రికల్లోకీ పిల్లల మొహాల్లోకీ చూపులు దించేసుకున్నారు. తలుపు తీసుకుని ఒదజిమా డాక్టరు వచ్చాడు. ఆయన తోమోయెని దాటి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు.

"చిహరూ, పొద్దున్నేం తిన్నావమ్మా? నిజం చెప్పు."

చిహరు తల్లి వైపు చూసింది. తరవాత తల్లికి అడ్డంగా ఒక అడుగు ముందుకేసింది.

"అన్నం, టోఫు వేసిన మిసో చారు, కాల్చిన సాల్మన్ చేప, నువ్వుల పాలకూర. మా అమ్మ రోజూ వండుతుంది డాక్టరుగారూ. నిజంగానే వండుతుంది."

"వద్దు తల్లీ" అంది తోమోయె. "చెప్పేశాను. ఇక నువ్వు చెప్పక్కర్లేదు."

అప్పుడు ఏడ్చింది పిల్ల. "నేను తప్పు చెప్పానా?" అని అడుగుతూ ఏడ్చింది. నువ్వు కాదు నేను అని తోమోయె ఎన్నిసార్లు చెప్పినా ఆ ఏడుపు ఆగలేదు.

డాక్టరు తిట్టలేదు. ఉత్తరం వెనక్కి తీసుకున్నాడు. "ముందు పిల్లకి ఏదైనా పెట్టండి. వారం రోజులు కడుపునిండా తిన్నాక మళ్ళీ చూద్దాం" అన్నాడు. అంటున్నంతసేపూ ఆమె మొహంకేసి చూడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది తోమోయెకి. వీధిలో కొట్లో రెండు అన్నం ముద్దలు కొని కారులో పెడితే చిహరు రెండూ తినేసి, చేతికంటిన మెతుకు కూడా ఏరుకుంది. నలభై ఆరుగురికి వండిన మనిషి, కొన్న అన్నం కూతురు తింటుంటే చూస్తూ కూచుంది.

అక్కణ్ణుంచి సరాసరి బడికి వెళ్ళి కనెకో టీచరుకి చెప్పింది. టీచరు లేచి బల్ల సొరుగు తీసింది. లోపల బిస్కెట్టు పొట్లాలున్నాయి.

"తినకుండా వచ్చే పిల్లల కోసం పెట్టుకుంటానండీ ఇవి. పడిపోయిన ప్రతిసారీ ఏం తిన్నావని చిహరుని అడిగాను. మీ కార్డులో ఉన్నట్టే చెప్పింది. అందుకని..." అని ఆగిపోయి, "నా తప్పు. నేను సరిగ్గా చూడాల్సింది" అంటూ తల వంచింది.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారు. ఆ సామెతలో తల్లి ఎలా ఉంటుందో తోమోయెకి ఆ సొరుగు ముందు నిలబడితే తెలిసింది. ఎదుటి మనిషి తనకు క్షమాపణ చెబుతుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆరోగ్య సమావేశంలో ఆవిడ మాట్లాడలేదు. నిజం చెబితే చాలామందికి ఉపయోగం, పేరు లేకుండా నేనే చదువుతానని టీచరు అంది. తోమోయె అదీ వద్దని బతిమాలుకుంది. డాక్టరు దగ్గర వచ్చిన ధైర్యం ఆ ఒక్క పూటదే. సమావేశం రోజున ఆఖరు వరుసలో కూచుని, వేరే తల్లి ఎవరో పెరుగు గురించి చెబుతుంటే విని వచ్చింది. మిజుకి వాళ్ళమ్మకు మాత్రం గేటు దగ్గర చెప్పింది. ఆవిడ, "మూడు వారాలుగా నాలుగున్నరకి లేస్తున్నానండీ నేను" అంది. అంతే అంది. ఇప్పటికీ ఎదురుపడితే దణ్ణం పెడుతుంది గానీ చెయ్యి పట్టుకోదు.

ఇంట్లో యోషిహిరోతో కలిసి చాలా లెక్కలు వేశారు. ఉద్యోగం మానడం కుదరదు, లారీ మానడం కుదరదు, చేప కాల్చడం అసలే కుదరదు. కుదిరేది ఒక్కటే కనబడింది. నాలుగింటికి లేచినప్పుడు రెండు అన్నం ముద్దలు చేసి, ఫ్లాస్కులో చారు పోసి పెట్టడం. ఆరూ నలభై ఐదుకి, ముసలివాళ్ళ బల్లలు సర్దాక, పది నిమిషాలు ఫోనులో మొహాలు చూసుకుంటూ ఇద్దరూ తినడం. తోమోయె ఆశ్రమం పెద్ద వంటావిడను అడిగింది. ఎందుకో చెప్పాల్సి వచ్చింది, అదో సిగ్గు. ఆవిడ, "పది నిమిషాలకి ముసలాళ్ళు పారిపోరులే, ఫో" అంది.

సోమవారం మొదలుపెట్టారు. చిహరు ఫోనుని చక్కెర డబ్బాకి ఆనించుకుని కూచుంది. తోమోయె తన ఫోనుని వంటింటి అల్మరా మీద నిలబెట్టింది.

"తింటున్నావా?"

"తింటున్నా. లోపల సాల్మన్ పెట్టావు!"

"చారు వేడిగా ఉందా?"

"ఆఁ. ఉమె బామ్మ ఏమంది?"

"ఇంకా లేవలేదు." తోమోయె నవ్వుతూ చెబుతోంది. ఫోనుకు కనబడని చోట చేతులు ముల్లంగి తరుగుతున్నాయి. మధ్యాహ్నం కూరకి ఆలస్యమవుతోంది, మాటలు మాట్లాడుతూనే తరగొచ్చు, పిల్ల తింటోంది కదా, అది చాలు అనుకుంది.

"నువ్వు తింటున్నావా అమ్మా?"

"తింటున్నానే."

"ఏం తింటున్నావు?"

"అన్నం. మిసో చారు." క్షణమైనా ఆలోచించకుండా, "చేప" అని కూడా అంది.

చిహరు నమలడం ఆపింది. కోపంగా లేదు పిల్ల మొహం. రంగు పెన్సిలు చేతిలో పట్టుకుని అమ్మ చెప్పబోయేది వినడానికి కూచునేటప్పటి మొహంలా ఉంది.

"ఫోను కిందికి తిప్పు. చూపించు."

తోమోయె చేతిలో కత్తి ఆగింది. వెనక గిన్నెలు కడుగుతున్నవాళ్ళు కూడా విన్నట్టున్నారు, నీళ్ళ చప్పుడు ఆగింది. చెవుల దాకా వేడెక్కిన మొహంతో ఆవిడ ఫోను తీసి, సగం తరిగిన ముల్లంగిని, తడి చేతిని, ఖాళీ బల్లని చూపించింది. అటు నుంచి పిల్ల తన అన్నం ముద్ద కింద పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

తోమోయె కత్తి కడిగి పక్కన పెట్టింది. గిన్నెలో అన్నం పెట్టుకుంది, చారు పోసుకుంది, స్టూలు లాక్కుని కూచుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మింగేదాకా చిహరు కళ్ళార్పకుండా చూసి, అప్పుడు తన ముద్ద మళ్ళీ చేతిలోకి తీసుకుంది.